జంజీరా ఊసెత్తక సింధుదుర్గమా?

2025 జూలైలో యునెస్కోవారు మరాఠాల దుర్గాలు పన్నెండింటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. వాటిలో సింధుదుర్గం, సువర్ణదుర్గం, ఖాందేరీ దీవులపై కట్టినవి. జంజీరా అందులో లేదు. అది ఏనాడూ మరాఠాల వశం కాలేదు గనుక లేకపోవడం న్యాయమే. నా అభ్యంతరం జాబితాతో కాదు. జంజీరా ప్రసక్తి లేకుండా సింధుదుర్గం కథ చెప్పే మన అలవాటుతో.

కౌటిల్యుడు దుర్గాలను నాలుగు విధాలుగా విభజించి, నీటి నడుమ నిలిచినదానిని ఔదకమన్నాడు. మనువు మాత్రం గిరిదుర్గానికే అగ్రతాంబూలమిచ్చాడు. శివాజీ పుట్టి పెరిగిన విద్య గిరిదుర్గాలది. జంజీరా ఎదుట ఆ విద్య చాలలేదు.

రాయగఢ్ జిల్లాలో మురుడ్ సమీపాన, రాజపురి తీరానికి ఎదురుగా ఉన్న చిన్న దీవి అది. దీవి అంచు పొడుగునా కోటగోడలే. అలలు వచ్చి గోడల పాదాలకే తగులుతాయి; శత్రువు దిగి నిచ్చెన వేయడానికి చోటు దొరకదు. దాపునకు పోయేదాకా సింహద్వారం కంటబడదు. లోపల రెండు మంచినీటి చెరువులున్నాయి. పేరు విని సంకెలకు సంబంధించిన జంజీర్ అనుకొనేవారున్నారు గాని, ఇది అరబ్బీలో ద్వీపమనే అర్థమున్న 'జజీరా'కు మారురూపం.

దానిని ఏలినవారు సిద్దీలు. ఆఫ్రికా నుండి బానిసలుగా, సైనికులుగా వచ్చి దక్కను సుల్తానుల కొలువులో ఎదిగినవారి సంతతి. కోట చూడబోయినవారికి ముందుగా చూపేది కలాల్ బాంగ్డీ అనే పెద్ద ఫిరంగి. కోట లొంగకపోవడానికి అదే కారణమన్నట్లు చెబుతారు. నా మతం వేరు. గోడలు, ఫిరంగులు సగం బలం. తక్కిన సగం నావలది. కొండకోట చుట్టూ సేన దిగితే ధాన్యం ఆగిపోతుంది, ఆకలే తలుపు తీయిస్తుంది. సముద్రాన్ని అట్లా దిగ్బంధించాలంటే ఓడలుండాలి. సిద్దీలు మొగలాయీల పక్షం చేరాక సూరత్ నుండి వారికి ధనం, ఓడలు అందాయి. వానకాలంలో వారి నౌకలు బొంబాయి రేవులో తలదాచుకొనేవి. ఇంగ్లీషువారికి అది ఎంతమాత్రం రుచించేది కాదు.

ఈ రహస్యం శివాజీ గ్రహించాడు. 1664లో మాల్వణ్ ఎదుట కుర్టే దీవిపై సింధుదుర్గానికి శంకుస్థాపన చేసి, మూడేళ్ళలో పూర్తి చేయించాడు. పునాదులలో సీసం కరిగించి పోశారట. దాని ద్వారం కూడా గోడల మలుపు చాటున దాగి ఉంటుంది. ఉప్పునీటి నడుమ మూడు తీయనీటి బావులు, వాటి పేర్లు పాలు, చక్కెర, పెరుగు! జంజీరాను అదుపు చేయడానికే దాని సమీపంలో పద్మదుర్గం లేచింది. 1679లో మరాఠాలు ఖాందేరీని బలపరచగానే, మరుసటి ఏడు సిద్దీలు పొరుగున ఉన్న ఉందేరీలో దిగారు. రెండు దీవులూ ఒకదానిపై ఒకటి ఫిరంగులు గురిపెట్టుకొని కూర్చున్నాయి. 1682లో శంభాజీ ఏకంగా రాళ్ళు పోయించి జంజీరాకు వారధి కట్టబోయాడు. రామాయణం ఎరిగిన మనకు ఆ ఊహ కొత్తది కాదు. కాని ఇంతలో మొగలాయీ సేన వచ్చి పడడంతో ఆ సేతువు సగంలోనే ఆగింది.

ఇవన్నీ చెబితే మహావీరునికి అపచారమని కొందరి శంక. లొంగని శత్రువును చూసి, ఆ శత్రువు బలమేదో గుర్తించి, దానిని తానూ అలవరచుకొన్న రాజు గొప్పవాడు కాక మరేమవుతాడు?

అట్లని సిద్దీలను ఆకాశానికెత్తమనడం లేదు. తీర గ్రామాలను దోచారు, జనాన్ని చెరపట్టారు. అయినా 1948లో భారతదేశంలో విలీనమయ్యేదాకా ఆ రాజ్యం ఈ నేలమీదనే ఉంది. హైదరాబాదులో ఏసీ గార్డ్స్ మీదుగా నిత్యం తిరిగేవారిలో ఎందరికి అది ఆఫ్రికన్ అశ్వికదళం పేరని తెలుసు? వనపర్తి సంస్థానంలో మొదలై నిజాం కొలువు చేరిన దళమది. ఉత్తర కన్నడ అడవులలోని సిద్దీలు కన్నడం మాట్లాడుతూ సేద్యం చేసుకొంటుంటే, వారినీ ఏ దేశమని అడిగేవారున్నారు. ఆ ప్రశ్న తరగతి గదిలో మనం వదిలేసిన పుటల నుండే పుట్టింది.

పాఠ్యపుస్తకాలు కూర్చేవారికి నా విన్నపం ఒక్కటే. కొంకణ తీరపటం వేసినప్పుడు సింధుదుర్గంతోపాటు జంజీరాను, ఖాందేరీతోపాటు ఉందేరీని కూడా గుర్తించండి.