నాగపూర్‌కు పునాది వేసింది గోండు రాజు



"మీరు అడవోళ్లు, టౌన్ల మీకేం పని?" జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో అద్దె రూం కోసం తిరిగే మన పిల్లలు ఈ మాట పడుతనే ఉన్నరు. కొందరు మొఖం మీదనే అంటరు. కొందరు కులం అడిగి, రూం ఖాళీ లేదంటరు.

ఈ మాటకు జవాబు చరిత్రలో ఉంది. మంచిర్యాలలో నాగపూర్ రైలు ఎక్కి చూడుండ్రి. దారిలో బల్లార్షా వస్తది. ఆ పేరు గోండు రాజు ఖాండ్క్యా బల్లాల్ షాది. తర్వాత వచ్చే చంద్రపూర్‌కు కూడా ఆయనే పునాది వేసిండని చెప్తరు. చివరికి దిగే నాగపూర్‌ను పట్నం చేసింది దేవ్‌గఢ్ గోండు రాజు బఖ్త్ బులంద్ షా.

ఆ పేరు ఔరంగజేబు ఇచ్చిన బిరుదు. ఢిల్లీ పోయి, ఇస్లాం తీసుకొని, ఆయన గద్దె దక్కించుకున్నడు. తర్వాత మొఘలుల మీదనే తిరుగబడ్డడు. 1702 ప్రాంతంలో నాగ్ నది దగ్గరి 12 పల్లెలను కలిపి పట్నం కట్టిండు. రైతులను, చేతిపనులోళ్లను నలుదిక్కుల నుంచి రప్పించిండు. హిందువా, ముస్లిమా అని చూడకుండా పనిమంతులకు కొలువు ఇచ్చిండు. తర్వాత ఏలిన చాంద్ సుల్తాన్ రాజధానిని దేవ్‌గఢ్ నుంచి నాగపూర్‌కు మార్చి, ఊరి చుట్టూ గోడ కట్టించిండు, జుమ్మా తలావ్ తవ్వించిండు.

చాంద్ సుల్తాన్ పోయినంక వారసుల కొట్లాట మొదలైంది. సాయం చేస్తనని బేరార్ నుంచి వచ్చిన రఘూజీ భోంస్లే 1743 నాటికి అధికారమే తీసుకున్నడు. గోండు రాజుకు పేరు, పింఛను మిగిలినయి. 1854లో ఇంగ్లీషోళ్లు భోంస్లేల రాజ్యాన్ని కూడా కలుపుకున్నరు.

నేను రాజులను పొగడుటానికి రాస్తలేను. గోడకు రాళ్లు మోసింది, పన్ను కట్టింది మామూలు జనమే. కానీ ఒక్క ముచ్చట ఆలోచించుండ్రి. అందరినీ పిలిచి జాగ ఇచ్చిన రాజు జాతి పిల్లలను ఇయ్యాల "మీరెక్కడోళ్లు?" అని అడుగుతున్నరు. ఆదివాసీ అంటే అడవి మాత్రమే అని చెప్పి పట్నంలో జాగ లేకుండ చేసిండ్రు. అడవికి పోతే, అది ఫారెస్టోళ్లదని పోడు భూమి నుంచి వెళ్లగొడుతున్నరు. రెండు దిక్కుల తలుపులు మూసినంక మనం ఎక్కడ బతకాలె?

మన బడి పుస్తకాల్లో బల్లాల్ షా, బఖ్త్ బులంద్ షా పాఠాలు రావాలె. చదువుకోను వచ్చే మన పిల్లలకు ఈ మూడు టౌన్లలో సరిపోయే హాస్టళ్లు కావాలె. అప్పటిదాక ఆగకుండ, వచ్చే ఆగస్టు 9న ప్రతి గూడెంలో, ప్రతి హాస్టల్‌లో ఈ కథ మనమే చెప్పుదాం.

అడవీ మనదే, పట్నమూ మనదే. జల్, జంగల్, జమీన్!