విచారించి తీర్పు చెప్పండి

ధర్మవరం నుండి ఒక తండ్రి ఇలా అడిగారు: “మా అబ్బాయి ఆట మొదలుపెట్టిన పది నిమిషాలకే కంప్యూటర్ ఆగిపోతున్నది. ఆటలే దాన్ని చెడగొట్టాయి. అమ్మివేయమంటారా?”

తొందరపడకండి. చాలాసార్లు ఆట లోపాన్ని కలిగించదు, దాగి ఉన్నదాన్ని బయటపెడుతుంది. ఉత్తరం టైపు చేసేటప్పుడు గ్రాఫిక్స్ కార్డుకు పని స్వల్పం. ఆటలో అది పూర్తి శక్తితో పనిచేసి వేడెక్కుతుంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల ఎండ, దుమ్ము దానికి తోడవుతాయి.

ముందుగా కంప్యూటర్‌ను ఆపి, ప్లగ్గు తీసి, ఫ్యాన్ల దుమ్మును మెత్తని బ్రష్షుతో తుడవండి. ఆడుతున్నప్పుడు కార్డు వేడి 90 డిగ్రీలకు చేరుతున్నదేమో విండోస్ టాస్క్ మేనేజర్‌లో చూడండి. వేడి సరిగానే ఉంటే డ్రైవర్‌ను తొలగించి మళ్ళీ ఎక్కించండి. అప్పటికీ ఆగిపోతుంటే పవర్ సప్లైని పరీక్షింపజేయండి. మదర్‌బోర్డు స్లాటు ద్వారా కార్డుకు అందేది 75 వాట్ల వరకే. అంతకు మించి కావలసిన కార్డుకు వేరే తీగ ఉంటుంది. అది గట్టిగా బిగిసి ఉన్నదా చూడండి. చివరగా కార్డును మరొక కంప్యూటర్‌లో పెట్టి చూడండి. అక్కడా ఆగిపోతే లోపం కార్డుదే కావచ్చు.

మా ఇంట్లోనూ ఇదే జరిగింది. నేను విచారించకుండానే అబ్బాయిని మందలించాను. దుమ్ము తుడవగానే యంత్రం బాగుపడింది. వాడిని క్షమాపణ అడగవలసి వచ్చింది. అందుకే అయ్యా, ఈ పరీక్షలన్నీ మీ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకొని చేయండి.