వైసుకు తుప్పు వదిలింది, మనకు సిగ్గు వదలాలి



వార్షికోత్సవ సంచిక అనగానే మనలో చాలామంది కాలం విలువ మీదో, క్రమశిక్షణ మీదో వ్యాసం రాస్తాం. మేమూ హాస్టల్లో ఉన్నన్నాళ్లూ అవే రాశాం. ఈసారి ఒక ఇనుప వస్తువు గురించి రాస్తున్నాం. అది మా జేజినాయన వాడిన ఆరంగుళాల బెంచి వైసు. ఇనుప ముక్కను కదలకుండా బిగించి పట్టుకుంటే రంపంతో కోయవచ్చు, ఆకురాయితో రాయవచ్చు. వైసు చేసే పని అంతే.

మా జేజినాయన బడి మొహం చూడలేదు. చిన్నతనంలో జమ్మలమడుగు దగ్గరి మా పల్లెలో ఒకరింట్లో జీతం ఉన్నాడు. ఏడాదికి ఇన్ని గింజలని మాట్లాడుకుని పశువులు కాసే జీతం. వెట్టిచాకిరీని రద్దు చేసిన చట్టం 1976లో వచ్చింది. ఆయన అంతకు ముందే ఒక రాత్రి చెప్పకుండా పల్లె వదిలి పులివెందుల చేరాడు. అప్పట్లో ఆ పక్క బావుల మీద ఆయిల్ ఇంజన్లు ఆడేవి. వాటిని బాగుచేసే ఒక షాపులో చేరాడు. ముందు డీజిలు గుడ్డలు ఉతికాడు, తర్వాత పానాలు అందించాడు, చివరకు వైసు దగ్గర నిలబడ్డాడు. బావులు ఎండి బోర్లు వచ్చాయి. ఇంజన్లు పోయి మోటార్లు వచ్చాయి. ఆయన మాత్రం అదే వైసు దగ్గర ముసలివాడయ్యాడు.

షాపు మూసే రోజు నాలుగు నెలల కూలి బాకీ ఉంది. దానికి బదులు ఆ వైసు తీసుకుపొమ్మన్నారు. గోనెసంచిలో చుట్టి, ముద్దనూరు మీదుగా బస్సులో ఇంటికి తెచ్చుకున్నాడు. "దానికి గూడా టిక్కెట్టు కొట్టినాడు కండక్టరు" అని చెప్పి నవ్వేవాడు.

ఇప్పుడు మా తప్పు చెప్పుకోవాలి. మేము ప్రొద్దుటూరు హాస్టల్లో చదివేటప్పుడు ఆదివారాల్లో ఆయన మమ్మల్ని చూడటానికి వచ్చేవాడు. గోళ్ల సందుల్లో నల్లటి గ్రీజు. ఎంత తోమినా పోయేది కాదు. గేటు దగ్గర ఎవరని స్నేహితులు అడిగితే "మా ఊరాయన" అన్నాం. ఒకసారి కాదు, చాలాసార్లు. ఆయన విన్నాడో లేదో తెలియదు. అడిగే వీలు ఇప్పుడు లేదు.

ఆయన పోయాక వైసు మేకల కొట్టంలో పడి తుప్పు పట్టింది. పాత ఇనుము కొనేవాడు వచ్చి ఐదువందలు ఇస్తానన్నాడు. ఇచ్చేద్దామన్నది మేమే. అప్పటికి కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలో పీజీలో చేరాం. మా ఇంట్లో డిగ్రీ దాటిన మొదటి వాళ్లం కదా, మా మాటకు విలువ పెరిగింది. మా నాయన మాత్రం ఒప్పుకోలేదు. "మా నాయన నాలుగు నెల్ల కూలిరా అది. ఐదునూర్లకు అమ్ముతావా?" అన్నాడు. దానికి మా దగ్గర జవాబు లేదు.

ఆ ఎండాకాలం సెలవుల్లో వైసు ముందు కూర్చున్నాం. మర కదల్లేదు. సుత్తి తీసుకుంటే పక్కింటి ఫిట్టరన్న ఆపాడు. వైసు ఒళ్లు పోత ఇనుము. అది బరువు మోస్తుంది గానీ దెబ్బకు పగులుతుంది. పగిలితే మామూలు వెల్డింగు సరిగా నిలవదు. పిడికి పైపు తగిలించి తిప్పడమూ తప్పేనట. కాబట్టి మర మీద డీజిలు పోసి గుడ్డ చుట్టి నాలుగు రోజులు ఓపిక పట్టాం. కొయ్య సుత్తితో చుట్టూ మెల్లగా తట్టాం. అయిదో రోజు పావు చుట్టు తిరిగింది. వెనక్కి, ముందుకి, మళ్లీ వెనక్కి తిప్పుతూ సాయంత్రానికి మర మొత్తం బయటికి తీశాం.

మర చుట్లు మామూలు బోల్టు చుట్లలా వాడిగా లేవు, చదరంగా ఉన్నాయి. బిగించిన బలం పక్కలకు చెదరకుండా నేరుగా దవడ మీదకు పోవడానికి అలా కోస్తారు. మేము ఇంటర్లో ఎం.పి.సి. చదివాం. స్క్రూ అంటే చుట్టిన వాలుతలమని రాసి మార్కులు తెచ్చుకున్నాం. ఆ వాలుతలాన్ని వేలితో తడిమింది మాత్రం అదే మొదలు. జేజినాయనకు ఆ మాట తెలియదు, ఆ సంగతి తెలుసు. మాకు ఆ మాట తెలుసు, ఆ సంగతి తెలియదు. రెండూ ఒకే మనిషికి తెలిస్తే ఎంత బాగుండేది!

చిన్న స్క్రూలను చింతపండు నీళ్లలో నానబెట్టాం. ఆ పులుపు తుప్పును తింటుంది. తీసిన వెంటనే కడిగి, ఆరబెట్టి నూనె పూయకపోతే మళ్లీ తుప్పు పడుతుంది. పెద్ద భాగాలను ఇనుప బ్రష్షుతో, ఎమిరీ కాగితంతో రుద్దాం. అరిగిపోయిన దవడ పలకలు రెండూ ప్రొద్దుటూరులో లేతు షాపులో కొత్తవి చేయించాం. మరకు గ్రీజు పెట్టి, మందపాటి చెక్కకు బోల్టులతో బిగించాం. దవడ పైభాగం మోచేతి ఎత్తులో ఉండాలి. అప్పుడే ఆకురాయి పట్టినవాడికి నడుము నొప్పి రాదు.

రుద్దుతుంటే వైసు వెనక మూడు చుక్కలు బయటపడ్డాయి. పంచుతో కొట్టిన చుక్కలు. ఏమిటివని నాయనను అడిగాం. "ఆయప్పకు అచ్చరాలు రావు గదా. ఆయన సామానుకంతా అదే గుర్తు" అన్నాడు. మేము సంతకం చేసిన సర్టిఫికెట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకున్నాం. ఆయన సంతకం ఆ మూడు చుక్కలే.

ఇక మా అభిప్రాయం. మన హాస్టల్లో ఒక పనిముట్ల గది ఉండాలి. ఒక వైసు, ఒక రంపం, రెండు మూడు ఆకురాళ్లు, ఒక పానాల సెట్టు చాలు. ట్రంకు పెట్టె గడియ ఊడినా, సైకిల్ పెడలు వంగినా పిల్లలు తమ చేత్తో బాగుచేసుకోగలగాలి.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. "కూలి తప్పించుకోవాలని హాస్టలుకొస్తే మళ్లీ చేతికి సుత్తి ఇస్తారా?" అని ఒక అన్న అడిగాడు. ఆ కోపం న్యాయమైనదే. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం పల్లెబడుల్లో ఒక పద్ధతి పెట్టింది. రోజులో కొంతసేపే బడి, మిగతా సమయం ఇంటి వృత్తి. కులవృత్తి చదువని జనం తిరగబడ్డారు. 1954లో కామరాజ్ ప్రభుత్వం దాన్ని తీసేసింది. మంచిపనే చేసింది. అంబేద్కర్ గారు 1936లోనే కులనిర్మూలన గ్రంథంలో చెప్పారు, కులం పనులను మాత్రమే విడదీయదు, పనిచేసేవాళ్లను మెట్లుమెట్లుగా విడదీస్తుందని.

కానీ మా జేజినాయన సంగతి చూడండి. వైసు ఆయనకు పుట్టుకతో రాలేదు. పుట్టుకతో వచ్చింది పశువుల జీతం. దాన్ని వదిలించుకోవడానికి ఆయన ఎంచుకున్నది వైసు. మనకు హాస్టలు ఎలాంటిదో ఆయనకు వైసు అలాంటిది. తప్పు పనిముట్టులో లేదు, నిర్బంధంలో ఉంది. చేతి పనిని చూసి సిగ్గుపడమని నేర్పింది కూడా ఆ కులమే. ఆ సిగ్గును మనం హాస్టలు గేటు దాకా మోసుకొచ్చాం.

అందుకే మూడు షరతులు పెట్టాలి. ఒకటి, ఇష్టమున్నవాళ్లే రావాలి. రెండు, స్టడీ అవర్ నుంచి ఒక్క నిమిషం కూడా తీసుకోకూడదు. మూడు, హాస్టలు కొళాయిలూ తలుపులూ బాగుచేయించడం ప్రభుత్వ బాధ్యత, పిల్లలున్నారు కదా అని ఆ బిల్లు ఎగ్గొట్టకూడదు. కరెంటు పని పిల్లలు అసలు ముట్టకూడదు.

పదో తరగతి తమ్ముళ్లకు ఒక మాట. పది తర్వాత ఐటీఐలో ఫిట్టరు ట్రేడు రెండేళ్లు, ఆ తర్వాత 1961 అప్రెంటిస్ చట్టం కింద స్టైపెండుతో శిక్షణ కూడా ఉంటుంది. ఇంటరులో చేరినవాడు గొప్ప, ఐటీఐలో చేరినవాడు తక్కువ అని మన గదుల్లో మనమే అనుకోవద్దు. అలాగే ఫిట్టరు కొడుకు ఫిట్టరే కావాలనీ ఎవరూ అనవద్దు.

పూర్వ విద్యార్థులైన అన్నలు తలా ఒక పనిముట్టు తెస్తే ఆ గది నిండుతుంది. మొదటి వస్తువు మేము తెస్తున్నాం, జేజినాయన వైసు. నాయన ఒప్పుకున్నాడు. "నెలకొకతూరి గ్రీజు పెట్టండి. ఎవుర్నీ బలవంతంగా దాని కాడ నిలబెట్టొద్దండి" అన్నాడు.

వైసు వెనక ఆ మూడు చుక్కలను రంగు వేసి కప్పలేదు. అవెవరివని అడిగితే ఈసారి సరైన జవాబే చెబుతాం.