ఉస్తుర్లాబు ముందు ఒక ప్రశ్న



ఉమ్రా ముగించుకొని తిరిగి వచ్చే దారిలో కుటుంబంతో ఇస్తాంబుల్ నగరంలో రెండు దినాలు ఆగే అవకాశం అల్లాహ్ ప్రసాదించాడు. తోప్‌కాపి ప్రాసాదాన్ని ఆనుకొని గుల్హానే ఉద్యానవనం ఉన్నది. ఒకప్పుడు ఉస్మానీ సుల్తానుల మేలుజాతి గుర్రాలను కట్టిన అశ్వశాలలు అక్కడే ఉన్నాయి. ఆ పాత రాతి కట్టడాలలోనే 2008లో ఇస్లామీయ విజ్ఞాన, సాంకేతిక చరిత్ర మ్యూజియాన్ని నెలకొల్పారు.

ఇది ప్రొఫెసర్ ఫుఆత్ సెజ్గిన్ గారి జీవితకాలపు శ్రమకు ఫలం. 1960 నాటి సైనిక తిరుగుబాటు తరువాత ఉద్యోగం కోల్పోయి ఆయన జర్మనీకి వెళ్లారు. 1982లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో అరబ్బీ, ఇస్లామీయ విజ్ఞాన చరిత్రకై ఒక సంస్థను స్థాపించారు. ప్రాచీన వ్రాతప్రతులలోని వర్ణనలను చదివి, వాటి ప్రకారం పరికరాలను మళ్లీ చేయించారు. 2018లో పరమపదించిన ఆయన సమాధి ఆ ఉద్యానవనంలోనే ఉన్నది. అల్లాహ్ ఆయనను కరుణించుగాక!

పిల్లలకు అక్కడ విసుగు పుట్టదు. ప్రవేశద్వారం వద్ద ఖలీఫా మామూన్ కాలపు పటాన్ని చూపే పెద్ద భూగోళం ఉన్నది. లోపల అల్ జజరీ ఏనుగు గడియారమూ, జహ్రావీ శస్త్రచికిత్స పరికరాలూ ఉన్నాయి. వెలుపలి తోటలో ఇబ్నె సీనా తన వైద్యగ్రంథంలో పేర్కొన్న ఔషధ మొక్కలను పెంచుతున్నారు.

ఖగోళశాస్త్ర విభాగంలో సమర్‌ఖండ్ వేధశాల నమూనాను చూడగానే నా అడుగు ఆగిపోయింది. అక్కడ ఉలూగ్ బేగ్‌తో కలిసి పనిచేసిన ఖాజీజాదా రూమీ, తుర్కీలోని బుర్సా నగరవాసి. ఆయన వ్రాసిన ‘షర్‌హె చగ్‌మీనీ’ని నేను మద్రసాలో అనేక సంవత్సరాలు బోధించాను. ఆ మాటే గర్వంగా మనవరాలికి చెప్పాను. ఆ పాప ఇత్తడి ఉస్తుర్లాబును చూపిస్తూ, “దాదాజాన్! దీనితో మీరు ఎప్పుడైనా నక్షత్రాన్ని చూశారా?” అని అడిగింది.

నా వద్ద జవాబు లేదు. ఆకాశాన్ని గురించిన గ్రంథాన్ని నేను పైకప్పు క్రింద కూర్చొని బోధించాను. వాక్యాలకు అర్థం చెప్పాను, పరీక్షలు పెట్టాను. ఒక్క రాత్రి కూడా విద్యార్థులను మేడపైకి తీసుకువెళ్లలేదు.

మన పూర్వీకులు అది కనుగొన్నారు, ఇది కనుగొన్నారు అని సభలలో చెప్పుకొని సంతోషిస్తాము. అయితే ఆ మ్యూజియంలో ఉన్నవి చాలావరకు నమూనాలేనన్నది మరువరాదు. పుస్తకాలలో నిలిచిన జ్ఞానం ఆధారంగా వాటిని మళ్లీ నిర్మించవలసి వచ్చింది. వారసత్వమంటే పేర్ల జాబితా కాదు, వారు చేసిన పనిని మనమూ చేయడం. భూమ్యాకాశాల సృష్టిని గురించి యోచించేవారిని దివ్యఖుర్ఆన్ ఆలి ఇమ్రాన్ సూరాలో (190, 191) ప్రశంసించింది. కన్నెత్తి చూడకుండా యోచన ఎలా సాధ్యం?

ఇంటికి వచ్చాక మేము ఒక చిన్న ప్రయత్నం చేశాము. మీరూ చేయవచ్చు. పిల్లల జామెట్రీ పెట్టెలోని కోణమానిని తీసుకొని, దాని తిన్నని అంచుకు ఒక స్ట్రా అతికించండి. మధ్య బిందువు నుండి చిన్న రాయి కట్టిన దారాన్ని వ్రేలాడదీయండి. వేసవి రాత్రి సప్తర్షి మండలంలో తోక లేని వైపున ఉన్న చివరి రెండు నక్షత్రాలను కలిపే గీతను ఉత్తరంగా పొడిగిస్తే ధ్రువతార, అనగా ఖుతుబ్ తార కనిపిస్తుంది. స్ట్రా గుండా దానిని చూడండి. దారం నిలిచిన అంకెకూ 90కీ గల తేడాయే ఆ తార ఎత్తు. హైదరాబాదులో అది సుమారు 17 డిగ్రీలు, ఇస్తాంబుల్‌లో సుమారు 41. ఆ కొలతే మీ ఊరి అక్షాంశం. ఖిబ్లా దిశనూ, నమాజు వేళలనూ లెక్కించడానికి అక్షాంశం తెలియడం అవసరం.

మా మనవరాలు 18 అని చదివింది. ఒక డిగ్రీ తప్పినా ఆమె కొలిచింది, నేను కొలవలేదు. ఇప్పుడు మా విద్యార్థులు నెలకొక రాత్రి మేడ ఎక్కుతున్నారు. ఇస్తాంబుల్ వెళ్లలేకపోతే చింతించవద్దు. హైదరాబాదు నౌబత్ పహాడ్ మీద బిర్లా ప్లానెటోరియం ఉన్నది. అదీ దూరమైతే మీ ఇంటి మేడ ఉన్నది. ఆడపిల్లలనూ వెంట తీసుకువెళ్లండి. వారి ప్రశ్నలకు అడ్డు చెప్పకండి.

మన జ్ఞానాన్ని ఆచరణగా మార్చే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.