అత్తకు రాసిన కార్డులు తెలుగువే

మైపాడు అత్త ఇల్లు ఖాళీ చేసేటప్పుడు దొరికిన ఫోటోలు, ఉత్తరాలు ఈ పేజీలో పెట్టాలని పోయిన నెల అందరం అనుకున్నాం. చాలా సంతోషం. కానీ అందులోంచి 14 పోస్టు కార్డులు తీసి పక్కన పెట్టేసినారు. "అవి కన్నడం, మన వారసత్వంలోకి రావు" అన్నారు. ఆ కార్డులు రాసింది మేమే, కోలారు గోల్డ్ ఫీల్డ్స్‌లో పెరిగిన అక్కాతమ్ముళ్లం. ఈ మాటకు మేము ఒప్పుకోము.

ఆ ఇల్లంటే మాకూ ప్రాణమే. పరీక్షలు అయిపోతానే బస్సెక్కేవాళ్లం. వి.కోట, పలమనేరు, చిత్తూరు, తిరుపతి, నెల్లూరు, అక్కణ్ణుంచి ఇంకో 25 కిలోమీటర్లు. తెల్లారకముందే బయల్దేరితే దీపాలు పెట్టే వేళకు చేరేవాళ్లం. మొదటిసారి ఒడ్డున అంత ఇసుక చూసి తమ్ముడు, "అత్తా, ఇక్కడ గని యాడుంది?" అని అడిగినాడు. వాడి తప్పేముంది? రాయిని పిండిచేసి బంగారం తీసుకోగా మిగిలిన మట్టి మా ఊళ్లో గుట్టలు గుట్టలు. సైనైడ్ దిబ్బలంటాం. గాలి తోలితే ఆ దుమ్ము అన్నం కంచంలోకి వచ్చేది. అంత ఇసుక ఉందంటే పక్కన గని ఉండాల్సిందే అనుకున్నాడు.

మామిడికాయ వేసి పెట్టిన చేపల పులుసు అత్త మరునాటికి దాచేది, అప్పుడే రుచి అనేది. ముంజలు బొటనవేలితో తీసుకుని తినేవాళ్లం. రాత్రి సరుగుడు తోటలో గాలి హోరు, దాని వెనకాల సముద్రం హోరు. ఏది ఏదని పందెం వేసుకునేవాళ్లం.

ఇంటికి తిరిగొచ్చినాక అత్తకు కార్డు రాయాలి. ఇంట్లో తెలుగు, లైన్లో అరవం, బళ్లో కన్నడం. మాకు వచ్చిన అక్షరాలు కన్నడవే. ఆ అక్షరాలతోనే, "అత్తా, మేము సుఖంగా చేరినాము. పులుసు ఇంకా నోట్లోనే ఉండాది" అని రాసినాం. చదివి చూడండి, అందులో కన్నడం మాటలు ఎన్ని? 'రజా' ఒకటి, 'సొల్ప' ఒకటి. సెలవులను రజా అన్నందుకు అక్కడ పిల్లలు మమ్మల్ని ఎంత ఏడిపించినారో మేము మర్చిపోలేదు. అత్త మాత్రం నవ్వలేదు. "తలకట్టు ఒక్కటే వేరే, మిగతాదంతా మన అక్షరమే కదరా" అని కూడబలుక్కుని చదువుకునేది.

అత్త చెప్పింది నిజమే. తెలుగుకూ కన్నడానికీ వందల ఏళ్లు ఒకే లిపి. ఇప్పటికీ దాయాదుల మాదిరే ఉంటాయి. కైవారం తాతయ్య, అంటే యోగి నారేయణ, తెలుగులో తత్త్వాలు చెప్పినారు. కైవారం ఒకప్పుడు మా కోలారు జిల్లాలోదే. 2007లో చిక్కబళ్లాపురం జిల్లా విడిపోయినాక అటు పోయింది. ఆ తెలుగు తత్త్వాలను మావైపు జనం కన్నడ అక్షరాల్లో చదువుకుని పాడుతారు. లిపి చూసి వాటిని కన్నడం అనగలమా? త్యాగరాజ కీర్తనలు కన్నడ లిపిలో అచ్చయితే తెలుగు కాకుండా పోతాయా?

మాలో ఒకరం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పనిలో ఉన్నాం. తప్పు వెతకడమే మా కూడు. రాసిన మాట చేరాల్సిన మనిషికి చేరిందా లేదా, అదీ పరీక్ష. 2001 మార్చి కార్డు తీసి చూడండి. ఫిబ్రవరి 28న గనులు మూతబడినాయి. "నాన్నకు పని లేదు. ఈ రజాకి రాలేము" అని రెండే ముక్కలు, కన్నడ అక్షరాల్లో. జవాబు రాలేదు. మే నెలలో అత్తే ఎండుచేపల మూటతో, బియ్యం సంచితో మా ఇంటి ముందర దిగింది. పది దినాలు ఉండింది. ఆ కార్డు తెలుగు కాకపోతే ఆమె ఏం చదువుకుని వచ్చినట్టు?

"పెద్దయ్యాక తెలుగు నేర్చుకున్నారు కదా, ఇప్పుడు తెలుగు లిపిలో తిరగరాసి ఇవ్వండి" అని ఒక బావ సలహా ఇచ్చినాడు. బావా, చదవలేనివాళ్ల కోసం కింద తెలుగు లిపిలో రాసిస్తాం, దానికేం. కానీ పైన మాత్రం ఆ కార్డే ఉండాలి, తలకట్లతో సహా. "మనది సముద్రం ఒడ్డు, కోలారుకు బతుకుతెరువుకు పోయినాం" అని ఈ పేజీ మొదట్లో రాసినారు. ఏడాదిలో ఇరవై దినాలు ఆ ఒడ్డు. మిగతా దినాలన్నీ ఆ దిబ్బల పక్కనే. ఇరవై దినాలను వారసత్వమని, మిగతాదాన్ని బతుకుతెరువని లెక్క కడితే ఈ కుటుంబంలో సగంమందికి ఊరే ఉండదు.

ఇల్లు ఎట్లాగూ పోయింది. ఆ 14 కార్డులు పోనియ్యకండి. అత్త వాటిని ముప్ఫై ఏళ్లు పెట్టెలో దాచింది ఊరికే కాదు.