జపనీస్ నేర్చుకునే పిల్లకు అమ్మభాష అడ్డమా?

ఈ మధ్య మా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు నర్సింగ్ చదివిన ఆడపిల్లలున్న ఇళ్ళల్లో ఒక కొత్త మాట వినబడుతోంది: జపనీస్ క్లాసు. 2021 జనవరిలో మన దేశానికీ జపాన్‌కూ ఒప్పందం కుదిరింది. దాని కింద వృద్ధుల సంరక్షణ లాంటి పనులకు మన పిల్లలు పరీక్షలు రాసి వెళ్ళొచ్చు. మన ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా నర్సింగ్ చదివినవాళ్ళకు భాష నేర్పించి పంపే పని చేస్తోంది. జె.ఎల్.పి.టి.లో ఎన్5 మొదటి మెట్టు, ఎన్4 రెండోది. ఈ వీసాకు ఎన్4 గానీ, దానికి సరిపోయే మరో పరీక్ష గానీ పాసవ్వాలి. సంరక్షణ పనికి అదనంగా ఇంకో భాషా పరీక్ష ఉంటుంది.

కోదాడలో మా అక్క బిడ్డ కూడా నేర్చుకుంటోంది. పదో తరగతి దాకా తెలుగు మీడియం. "చిన్నమ్మా, పనులు వరసగా చెప్పే పాఠం దగ్గర ఆగిపోయిన, ఇంగ్లీషులో చెప్తుంటే తలకెక్కట్లేదు" అంది. ఇంట్లోవాళ్ళు వెంటనే "తెలుగు మీడియం కదా, అందుకే" అని తేల్చేశారు. నేను ఒప్పుకోను. ఆ పాఠానికి తెలుగు వచ్చిన పిల్లే ముందుండాలి.

ఎందుకో చూడండి. "పొద్దున లేచి, మొహం కడిగి, అన్నం తిని, బడికి పోతాను." ఇదే జపనీస్‌లో "అస ఒకితె, కావొ ఒ అరత్తె, గోహన్ ఒ తబెతె, గక్కో ఎ ఇకిమాస్." లేచి అంటే ఒకితె, కడిగి అంటే అరత్తె, తిని అంటే తబెతె. మాటల వరస కూడా మారలేదు. పోతాను అన్నా, పోయాను అన్నా మారేది చివరి క్రియ ఒక్కటే, ముందున్నవి అలాగే ఉంటాయి. బడిలో అసమాపక క్రియలు, సంశ్లిష్ట వాక్యం అని మనం నేర్చుకున్నది ఇదే. ఈ "చేసి, తిని" రూపాన్నే వ్యాకరణంలో క్త్వార్థకం అంటారు. నేను బి.ఏ.లో ఇవి చదువుతుంటే "ఎందుకు పనికొస్తాయి" అన్నవాళ్ళున్నారు. ఇదిగో, ఇందుకు.

ఇంకా ఉంది. "తినే ముందు" అనడానికి "తబెరు మయెని", "తిన్న తర్వాత" అనడానికి "తబెత అతొదె". నిన్నటి సంగతైనా రేపటిదైనా ముందు అనే మాటకు "తినే", తర్వాత అనే మాటకు "తిన్న" వాడతాం కదా. వాళ్ళూ అంతే. ఇంగ్లీషులో కాలాన్ని బట్టి క్రియ మారుతుంది కాబట్టి, ఆ దారిలో వెళ్ళిన పిల్లకు ఇక్కడ లేనిపోని తికమక. ఇక "తబెతెకరా" అనేది అచ్చం మన "తిన్నంక". ఉత్త "తబెతె" పనులను కలుపుతుంది, "తబెతెకరా" ఇది అయ్యాకే అది అని గట్టిగా చెబుతుంది.

ఈ తేడా మార్కుల కోసమే కాదు. రేపు ఆ పిల్ల ఎనభై ఏళ్ళ పెద్దావిడ పక్కన నిలబడి "అన్నం తిన్నంక మందు వేసుకోవాలి" అన్న సూచన వింటుంది. "గోహన్ ఒ తబెతెకరా, కుసురి ఒ నొమిమాస్." తినే ముందో, తిన్నాకో తారుమారైతే నష్టం ఆ పెద్దావిడకు. వరస తెలియడం అంటే మనిషిని కాపాడడం.

అయితే పోలిక ఉందని అన్నీ వాటంతటవే రావు. మన క్త్వార్థకాలన్నీ ఇకారంతో ముగుస్తాయి, ఒక్కసారి పట్టుబడితే చాలు. జపనీస్‌లో క్రియలు మూడు గుంపులు. కకు అనేది కైతె అవుతుంది, నొము అనేది నొందె, ఇకు అనేది ఇత్తె. ఇవి ఎక్కం లాగా వల్లె వేయాల్సిందే. మన అమ్మమ్మలు కథ చెప్పినట్టు పది పనులు ఒకే వాక్యంలో గుచ్చినా అక్కడ బాగుండదు. రెండు మూడు పనులయ్యాక వాక్యం ఆపి "సొరెకరా", అంటే ఆ తర్వాత, అని కొత్త వాక్యం ఎత్తుకోవాలి. పద్ధతి వివరించేటప్పుడు మొదట "మజు", తర్వాత "త్సుగిని", చివర "సైగొని".

"పుస్తకాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి కదా" అంటారు. నిజమే. పుస్తకం ఇంగ్లీషులో చదవనివ్వండి, అర్థం చేసుకోవడం మాత్రం తెలుగులో జరగనివ్వండి. పంతులు చెప్పిన జపనీస్ వాక్యాన్ని ఇంగ్లీషులోకి, ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చి, మళ్ళీ వెనక్కి నడవడం మంచినీళ్ళకు మూడు ఊళ్ళు తిరగడమే. సుసుము ఓనో అనే జపాన్ పండితుడు తమిళానికీ జపనీస్‌కూ చుట్టరికం ఉందన్నాడు, భాషాశాస్త్రజ్ఞులు చాలామంది ఒప్పుకోలేదు. నాకు చుట్టరికంతో పనిలేదు. పోలిక చాలు.

అమ్మలకు జపనీస్ రాకపోయినా సాయం చేయొచ్చు. పప్పుచారు ఎలా కాస్తారో వరసగా చెప్పండి: పప్పు కడిగి, ఉడకబెట్టి, చింతపండు పిసికి, పోపు పెట్టి... పిల్లను అదే వరస జపనీస్‌లో చెప్పమనండి. పొద్దున లేచింది మొదలు పడుకునే దాకా చేసిన పనులు రోజూ రాత్రి ఒకసారి చెప్పించండి. పది రోజుల్లో ఆ రూపాలు నోటికి అలవాటవుతాయి.

జపాన్‌లో గడప దాటేటప్పుడు "ఇత్తెకిమాస్" అంటారు. ఇత్తె అంటే పోయి, కిమాస్ అంటే వస్తాను. మనింట్లో ఎవరైనా బయల్దేరుతూ "పోతున్న" అంటే "పోయొస్త అనాలి బిడ్డా" అని సరిదిద్దుతాం కదా, అదే మాట. అంత దూరం పంపబోయే పిల్లకు ముందు తన తెలుగు మీద నమ్మకం ఇవ్వండి. "తెలుగు మీడియం కాబట్టి రాదు" అన్న మాట మాత్రం ఇంట్లో ఎవరి నోటా రానివ్వకండి.