పలకరాయి మీద ద్రాక్షతోట

ఈ వేసవిలో మా నాన్న మా దగ్గరికి ఫ్రాంక్‌ఫర్ట్ వచ్చారు. మొదటి రెండు వారాలు పార్కులూ, పిల్లల బడీ, ఇండియన్ షాపూ చూపించడంతో గడిచాయి. ఆ తర్వాత ఒకరోజు "ఈ దేశంలో సేద్యం లేదా అమ్మా?" అని అడిగారు. మార్కాపురం దగ్గర పల్లెలో జీవితమంతా కందీ, మిరపా పండించిన మనిషి టీవీ ముందు ఎన్నాళ్ళని కూర్చుంటారు? శనివారం పొద్దున్నే పులిహోర కట్టుకుని మోజెల్ నది వైపు బయల్దేరాం. మాకు రెండు గంటల దారి.

ముందే చెప్పేస్తున్నాను, మా ఇంట్లో తాగే అలవాటు లేదు. ఆఫీసు పార్టీల్లో మా ఆయన ఒక్క గ్లాసు పట్టుకుని మూడు గంటలు నెట్టుకొస్తారు. నేనూ ఎక్కడికైనా వెళితే రుచి చూసి పక్కన పెట్టేస్తాను. అయినా ఈ దేశంలో పదకొండేళ్ళుగా ఉంటున్నాం కదా, పొరుగువాళ్ళు భోజనానికి పిలిచి, సీసా తెరుస్తూ ఇది ఏ ఊరిది, ఏ కొండది, కింద ఏ రాయి ఉంది అని చెబుతుంటే వినక తప్పదు. మొదట్లో గొప్పలనుకునేదాన్ని. తర్వాత ఆలోచిస్తే మనమూ అంతే. బంగినపల్లి అంటే బంగినపల్లే, తాండూరు కందిపప్పు అంటే ఆ పప్పే. వీళ్ళు దాన్ని ఊరి దగ్గర ఆపకుండా కొండలో ఫలానా చెక్క దాకా తీసుకెళ్ళారు.

మలుపు తిరిగి నది కనబడగానే నాన్న కారు ఆపమన్నారు. ఎదురుగా గోడలాగా నిలబడ్డ కొండ. దాని నిండా ద్రాక్ష. మనకు తెలిసిన పందిళ్ళు కావు, ఒక్కో తీగకు ఒక్కో కర్ర నాటి కట్టారు. "ఎక్కేదెట్టా? దిగేదెట్టా?" అన్నారు నాన్న. మేం చూసింది ఫర్వాలేదు. ఇదే నది మీద ఇంకా కిందికి బ్రెమ్ అనే ఊళ్ళో కాల్మాంట్ అని ఒక కొండ ఉంది. దాని వాలు కొన్నిచోట్ల 65 డిగ్రీలట. యూరప్‌లో అంత నిటారు తోటలు చాలా అరుదు. అలాంటి వాలుల్లో మనుషులూ గంపలూ పైకి వెళ్ళడానికి ఒంటిపట్టా బండి వేసుకుంటారు.

వేలెన్ అనే ఊరి ఎదురుగా కొండ మధ్యలో పెద్ద రాతి గోడ మీద నీడ గడియారం ఉంది. యోడోకుస్ ప్రూమ్ అనే ఆయన 1842లో, తోటలో పనిచేసేవాళ్ళకు వేళ తెలియడానికి కట్టించారు. ఆ గడియారం పేరే తోట పేరయింది, జొన్నెనూర్. నేను చెప్పగానే నాన్న "జొన్ననూరా? మన వైపు పేరులా ఉందే" అని నవ్వారు. మా చేలకు 'చింతమాను చెక్క', 'దిబ్బ చేను' అని పేర్లున్నట్టే ఇక్కడ తోటలకు స్వర్గరాజ్యం, మెట్లు, బంగారు చుక్క అన్న అర్థాల పేర్లున్నాయి.

కాలిబాట మీద నాలుగడుగులు ఎక్కి నాన్న వంగి ఒక రాయి తీశారు. నల్లగా, నీలం ఛాయతో, పొరలుపొరలుగా ఉంది. గోటితో గీశారు. తెల్లటి గీత పడింది.

"ఏందమ్మా ఇది, మన పలకే గదా!"

మన పలకే. మనలో ఎంతమందిమో మార్కాపురం పలకల మీద ఓనమాలు దిద్దినవాళ్ళమే. నల్లమల పక్కన దొరికే ఆ రాయి వయసు వంద కోట్ల ఏళ్ళు దాటింది. ఒకనాటి సముద్రపు బురద భూమి లోపల నొక్కుకుపోయి పలక అయింది. మోజెల్ పలకదీ అదే కథ, కాకపోతే వయసు దాదాపు నలభై కోట్ల ఏళ్ళే. "అంటే మనది పెద్దదన్నమాట" అని నాన్న కాస్త తృప్తిపడ్డారు. వెంటనే కాలితో ఆ రాళ్ళను కెలికి "మరి మట్టేదీ?" అన్నారు.

అసలు సంగతంతా ఆ ప్రశ్నలోనే ఉంది. మట్టి దాదాపు లేకపోవడమే ఇక్కడి గొప్ప. ఈ ప్రాంతం యాభయ్యో అక్షాంశం దగ్గర ఉంటుంది, ద్రాక్ష పండడానికి చలి హద్దులాంటి చోటు. సూర్యుడు నెత్తిమీదికి రాడు, వాలుగానే తిరుగుతాడు. అందుకని దక్షిణం వైపు వాలిన నిటారు కొండ అయితే ఎండ సూటిగా తగులుతుంది. కింద నది కొంత వెలుగును తిప్పి కొడుతుంది. నల్లటి రాయి పగలంతా వేడెక్కి రాత్రి మెల్లగా వదులుతుంది. వాన పడితే నీళ్ళు నిలవకుండా పొరల సందుల్లోంచి దిగిపోతాయి, వాటి వెంట వేళ్ళూ లోతుకు వెళతాయి. బలమైన నేలలో తీగ ఆకు మీద ఆకు వేసుకుంటూ పోతుంది. పేద నేలలో అదుపుగా పెరుగుతుంది, కాయ చిన్నదవుతుంది, రుచి చిక్కబడుతుంది. చల్లటి రాత్రుల వల్ల పులుపు పోదు. ఆ పులుపు నిలవడమే రీస్లింగ్ ద్రాక్షకు ప్రాణం.

పందొమ్మిదో శతాబ్దంలో ఫిలాక్సెరా అనే పురుగు వేళ్ళను తిని యూరప్ తోటల్లో చాలావాటిని నాశనం చేసింది. అప్పటినుంచి తీగలను అమెరికా జాతి వేరు మీద అంటుకట్టి నాటుతున్నారు. ఈ పలక నేలలో ఆ పురుగు అంత తేలిగ్గా బతకలేదు కాబట్టి, ఇక్కడ సొంత వేరు మీదే నిలబడ్డ ముసలి తీగలు ఇప్పటికీ కనిపిస్తాయి.

మరి వైన్‌లో రాయి రుచి వస్తుందా? అమ్మేవాళ్ళు వస్తుందనే అంటారు. వేల్స్‌కు చెందిన భూగర్భ శాస్త్రవేత్త అలెక్స్ మాల్ట్‌మన్ మాత్రం ఒప్పుకోరు. రాయికి రుచీ వాసనా లేవు, వేరు తీసుకునేది నీళ్ళలో కరిగిన అతికొద్ది లవణాలనే, అవి నాలుకకు తెలిసేంత ఉండవు అంటారు. నేల చేసేది వేడి, నీరు, లోతు సర్దడమే. ఈ వాదన నాకు సబబుగానే తోచింది. కానీ అక్కడికి పది కిలోమీటర్లు కూడా లేని ఉర్త్సిగ్‌లో నేల ఎర్రగా ఉంటుంది, ఆ తోట పేరు 'సుగంధ ద్రవ్యాల తోట'. ఒకే ఏటి రెండు రీస్లింగులు, వేలెన్‌ది ఒక గుటక, ఉర్త్సిగ్‌ది ఒక గుటక తాగి చూశాను. మొదటిది నిమ్మపువ్వులా తేలిక. రెండోది ఘాటుగా, కాస్త మసాలాగా. కారణం ఏదయినా తేడా మాత్రం నాబోటిదానికీ తెలిసింది. నాన్న ద్రాక్షరసంతో సరిపెట్టుకున్నారు. "పులుపు బాగుంది" అన్నారు.

సీసా మీద పేరు చూసి కొనే అవసరం మనకూ పడుతుంది కాబట్టి ఇక్కడొక మాట. ఊరి పేరు ముందు, తోట పేరు తర్వాత ఉంటుంది. కానీ 1971లో వచ్చిన చట్టం సుమారు ముప్ఫై వేల తోట పేర్లను రెండువేల ఆరువందల దాకా కుదించేసింది, నాణ్యతను రసంలో చక్కెర ఎంత ఉందన్న దాన్నిబట్టి లెక్కకట్టింది. పైగా పెద్ద ప్రాంతాలకూ తోటల్లాంటి పేర్లే పెట్టనిచ్చింది. పీస్‌పోర్ట్ గోల్డ్‌ట్రోప్ఫ్‌షెన్ అంటే కొండవాలు. పీస్‌పోర్ట్ మిషెల్స్‌బెర్గ్ అంటే చుట్టుపక్కల చదును నేలలతో సహా పెద్ద ప్రాంతం. వినడానికి రెండూ ఒకటే! ఏ మామిడికాయ మీదైనా బంగినపల్లి అని రాసుకోవచ్చన్నట్టుంది. 2021లో చట్టం మార్చి, పుట్టిన చోటుకే విలువ ఇచ్చే దారి పట్టారు, యాభై ఏళ్ళు ఆలస్యంగా. మీరు ఎవరింటికైనా తీసుకెళ్ళాలంటే 'కాబినెట్' అని ఉన్న మోజెల్ రీస్లింగ్ అడగండి. చాలావాటిలో ఆల్కహాల్ ఎనిమిది, తొమ్మిది శాతమే, కొంచెం తీపి ఉంటుంది. మన గుత్తివంకాయ కారానికి అది నప్పుతుందని మా పొరుగావిడ తీర్పు.

ద్రాక్షరసం ఇచ్చిన ఇంటావిడకు ఎనభై ఏళ్ళుంటాయి. నాన్న చేతిలో రాయి చూసి ఏమిటని అడిగింది. మా ఊళ్ళో దీని మీదే చదువు నేర్చుకున్నామని నేను చెబితే, లోపలికెళ్ళి చెక్క చట్రం వేసిన పాత పలక తెచ్చింది. తనూ దాని మీదే దిద్దిందట. ఇద్దరికీ ఒక్క మాట కలవదు, అయినా పలకను అటూ ఇటూ తిప్పుతూ కాసేపు అలాగే నిలబడ్డారు.

తర్వాత ఆవిడ కొండ మీద ఒకచోట వేలు పెట్టి చూపించింది. వరుసల మధ్య ముళ్ళపొదలు కమ్మిన ముక్క. అది వాళ్ళదే. అక్కడికి యంత్రం ఎక్కదు, ప్రతి పనీ చేత్తోనే. కోతలకు పోలండ్ నుంచీ రొమేనియా నుంచీ మనుషులు వస్తారు, కానీ ఏడాది పొడుగునా చూసేదెవరు? కొడుకు కొలోన్‌లో బ్యాంకు ఉద్యోగి. నాన్న ఎంతకు అమ్ముతారని అడగమన్నారు. అడిగాను. కొనేవాళ్ళుంటే కదా అంది ఆవిడ.

తిరుగు దారిలో నాన్న చాలాసేపు మాట్లాడలేదు. మాకు ఊళ్ళో మిగిలింది నాలుగెకరాలు. అందులో పలకరాయి పైకి తేలిన రెండెకరాలను నాన్న ఎప్పుడూ 'పనికిరాని చెక్క' అనే అంటారు. దాన్ని కొంటామని ఎవరో వస్తే, నాన్న ఇటు విమానం ఎక్కే ముందు ఆ బేరం మా అన్నయ్యకు అప్పజెప్పి వచ్చారు.

"అమ్మా, ఆ చెక్కలో కంది తక్కువ పండినా, పప్పు ఎంత బాగా ఉడికేదో గుర్తుందా? మీ అమ్మ ఇంట్లోకి అదే ఉంచమనేది" అన్నారు ఉన్నట్టుండి.

గుర్తుంది అన్నాను.

ఇంటికి రాగానే ఆ రాయిని కిటికీలో పెట్టి అన్నయ్యకు ఫోన్ చేయించుకున్నారు. అక్కడ అర్ధరాత్రి దాటింది. "బయానా తీసుకున్నావా?" అని అడిగారు. ఇంకా లేదన్నాడు అన్నయ్య.

"సరే, తీసుకోబాక. నేనొచ్చినాక చూద్దాం."